పీసీలో అదిరిపోతోంది, హెడ్‌సెట్ పెడితే వాంతులు... ఇంజిన్ మార్చాలా అన్నా?

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ ఫైనల్ ఇయర్, మాది హిందూపురం పక్కన. నలుగురం కలిసి లేపాక్షి గుడిని వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ) చేస్తున్నాం, యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో. ఫోన్‌తో నంది చుట్టూ తిరిగి 300 పైన ఫోటోలు తీసి మెష్‌రూమ్‌లో త్రీడీ మోడల్ చేశాం, గుడి స్తంభాలు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నాం. ల్యాబ్‌లో పీసీకి క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌ని కేబుల్‌తో తగిలించి చూస్తే అదిరిపోతోంది. అదే బిల్డ్ చేసి (యాప్‌గా మార్చి) హెడ్‌సెట్‌లోకి ఎక్కిస్తే ముక్కలు ముక్కలుగా కదుల్తోంది. మొన్న మా మామ కొడుకుకి చూపిస్తే రెండు నిమిషాల్లో పీకేసి బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. మా సీనియర్ ఒకాయన యూనిటీతో ఇంతే, అన్రియల్ అనే ఇంకో ఇంజిన్‌కి మారిపోండి అంటున్నాడు. కాలేజీ ఎగ్జిబిషన్‌కి ఇంకా 5 వారాలే ఉంది. మారాలా? ఇంకోటి, దీన్నే నమ్ముకుంటే జాబ్ వస్తుందా? పేరు వేయొద్దన్నా.

సమాధానం: తమ్ముడూ, ముందు మీ మామ కొడుక్కి నా తరఫున సారీ చెప్పు, తర్వాత థాంక్స్ కూడా చెప్పు, ఎందుకంటే మీ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నిజం చెప్పింది అతనొక్కడే. మీ నలుగురికీ తల తిరగట్లేదు కదా, తిరగదు, రోజూ పెట్టుకుని పెట్టుకుని అలవాటైపోయుంటుంది. వీఆర్ చేసేవాళ్లకి ఉండే పెద్ద జబ్బే ఇది, చేసినవాడికి అంతా బాగానే కనపడుతుంది.

ఇంజిన్ మార్చొద్దు. అసలు మీ ప్రాబ్లం ఇంజిన్ కానే కాదు. కేబుల్ తగిలించినప్పుడు బొమ్మ గీసేది మీ ల్యాబ్ పీసీలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు, హెడ్‌సెట్ ఊరికే టీవీలాగా చూపిస్తోందంతే. బిల్డ్ ఎక్కించాక గీయాల్సింది హెడ్‌సెట్ లోపలున్న స్నాప్‌డ్రాగన్ చిప్పు, అంటే ఒక ఫోన్‌ని మొహానికి కట్టుకున్నట్టు లెక్క. ఆ ఫోను సెకనుకి 72 సార్లు, రెండు కళ్లకి రెండు బొమ్మలు గీయాలి. లెక్కేస్తే ఒక్కో ఫ్రేముకి 13.9 మిల్లీసెకన్లు వస్తుంది, నీ కోడ్, ఫిజిక్స్, గీయడం అన్నీ అందులోనే అయిపోవాలి. ఫోన్లో గేమ్ 40 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకి 40 ఫ్రేములు) పడితే తిట్టుకుంటూ ఆడేస్తాం, తల తిప్పినప్పుడు లోకం తలతో పాటు రాకపోతే మాత్రం కడుపు ఊరుకోదు. మీరు అన్రియల్‌కి వెళ్లినా అదే చిప్పు, అదే 13.9. పైగా మీ సీనియర్ వీడియోల్లో చూసి మురిసిపోయే నానైట్, ల్యూమెన్ (అన్రియల్‌లో బొమ్మని, వెలుతురుని నిజంలా చూపించే హంగులు) అవన్నీ పెద్ద పీసీలకి, క్వెస్ట్ 2 మీద వాటి గురించి ఆలోచించే పనే లేదు. 5 వారాల్లో కొత్త ఇంజిన్ నేర్చుకుని మళ్లీ ఇదే గోడకి తల కొట్టుకోవడం ఎందుకు. (యూనిటీ మీద ఆయన కోపం 2023 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు పెడతాం అన్నారే, ఆ గొడవ నుంచి వచ్చుండొచ్చు. ఏడాది తిరిగేసరికి వాళ్లే దాన్ని వెనక్కి తీసేసుకున్నారు, స్టూడెంట్లకి ఎలాగూ సంబంధం లేని గొడవ అది.)

సరే వాంతి సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సులో కూర్చుని ఫోన్ చూస్తే ఏమవుతుందో తెలుసు కదా, చెవి లోపలుండే బ్యాలెన్స్ మిషను ‘తిరుగుతున్నాం తిరుగుతున్నాం’ అంటుంది, కళ్లేమో ‘లేదే, ఫోన్ కదలకుండా ఉందిగా’ అంటాయి, ఈ రెండిటి తగువు తీర్చలేక కడుపు తిప్పుతుంది. వీఆర్‌లో అదే తగువు తిరగేసి వస్తుంది, కళ్లు నడుస్తున్నాం అంటాయి, చెవి కూర్చున్నాం అంటుంది. నువ్వు లెటర్లో రాయలేదు గానీ నేను పందెం కాస్తా, మీరు జాయ్‌స్టిక్‌తో నడిచేట్టు పెట్టారు, నడుస్తుంటే కెమెరా కొంచెం పైకీ కిందకీ ఊగేట్టు కూడా పెట్టుంటారు, రియలిస్టిక్‌గా ఉంటుందని. యూట్యూబ్‌లో ఫస్ట్ పర్సన్ గేమ్ ట్యుటోరియల్ చూసి వచ్చినవాళ్లందరూ చేసే పనే. ఆ ఊపు ఈ రోజే తీసెయ్.

రూల్ ఒక్కటే, తల ఎవరిదో కెమెరా వాళ్లది. నువ్వు ముట్టుకోకూడదు. స్టార్టింగ్‌లో గోపురం మీంచి దిగుతూ వచ్చే సినిమా షాట్ లాంటిదేమైనా ఉంటే పీకెయ్, దాని బదులు నల్లగా ఫేడ్ చేసి తీసుకెళ్లి మండపంలో నిలబెట్టు. తిరగడానికి టెలిపోర్ట్ (చూపించిన చోటికి టక్కున చేరిపోవడం) పెట్టు, యూనిటీ వాళ్ల ఎక్స్‌ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్‌లో రెడీమేడ్‌గా ఉంది, నేల మీద టెలిపోర్టేషన్ ఏరియా తగిలిస్తే చాలు. మెల్లగా తిరిగే టర్న్ తీసేసి 30 లేదా 45 డిగ్రీలు టక్కున మారే స్నాప్ టర్న్ పెట్టు. లేదన్నా మాకు నడకే కావాలి అంటే ఆప్షన్‌గా ఉంచుకోండి, డిఫాల్ట్‌గా వద్దు, స్పీడు మనిషి నడకంతే ఉండాలి అంటే సెకనుకి 1.4 మీటర్లు, మెల్లగా స్పీడు పెరగడం తగ్గడం ఉండకూడదు, కదిలేటప్పుడు చూపు చుట్టూ అంచులు నల్లబడే విన్యెట్ పెట్టండి.

నా సొంత కథ ఒకటి. కార్డ్‌బోర్డ్ డబ్బాలో ఫోన్ పెట్టుకుని చూసే రోజుల్లో నేను మొదట చేసింది ఒక ఘాట్ రోడ్డు డ్రైవ్, బస్సు ముందు సీట్లో కూర్చున్నట్టు. నాకు భలే నచ్చింది. మా పెద్దనాన్నకి పెట్టాను, ఆయన నిమిషం చూసి ఏమీ మాట్లాడకుండా డబ్బా తీసి చేతిలో పెట్టి ‘ఒరే, నిమ్మకాయుందా ఇంట్లో’ అన్నాడు. ఆ ప్రాజెక్టు అక్కడితో అయిపోయింది. అప్పట్నుంచి టెస్ట్ చేయించేటప్పుడు మొహం చూస్తా, చెమట పట్టినా, ఆవలింతలు వచ్చినా, మాట తగ్గినా వెంటనే తీయించేస్తా. అలవాటవుతుందిలే అని లాగించకూడదు, ఒకసారి కడుపు తిప్పినవాడు మళ్లీ హెడ్‌సెట్ దగ్గరికి రాడు. మీరు వారానికి కనీసం ముగ్గురు కొత్తవాళ్లకి చూపించండి, క్యాంటీన్ అన్నకి, లైబ్రరీ మేడమ్‌కి, ఎవరికైనా సరే, గేమ్స్ ఆడేవాళ్లకి మాత్రం వద్దు.

ఇప్పుడు స్పీడు. ఏదీ ముట్టుకోకముందు కొలువు. హెడ్‌సెట్‌లో ఓవీఆర్ మెట్రిక్స్ టూల్ వేసుకుంటే కళ్ల ముందే నంబర్లు కనిపిస్తాయి, ఎఫ్‌పీఎస్ ఎంత, సీపీయూ మీద ఎంత లోడ్, జీపీయూ (బొమ్మ గీసే భాగం) మీద ఎంత అని. ఏది నిండిపోయిందో తెలియకుండా అన్నీ కెలికితే 5 వారాలూ అందులోనే పోతాయి. అయినా మీ ప్రాజెక్టు ఎలాంటిదో తెలుసు కాబట్టి దొంగలు ఎవరో నేను చెప్పగలను.

మొదటి దొంగ మీ నంది. 300 ఫోటోల మోడల్ అంటే లక్షల ట్రయాంగిల్స్ (మోడల్‌ని కట్టే చిన్న చిన్న త్రికోణాలు) ఉంటాయి, 30, 40 లక్షలున్నా నేను ఆశ్చర్యపోను. క్వెస్ట్ 2లో ఒక సీన్ మొత్తానికి కలిపి కనిపించేవి ఏడెనిమిది లక్షలు దాటకుండా చూసుకోవాలి, అందులో నందికి 60, 70 వేలు చాలు. బ్లెండర్లో డెసిమేట్ వేసి తగ్గించు, మొత్తం ఒకేలా తగ్గించొద్దు, మెడలో గంటలు, దండలు, మొహం దగ్గర ఎక్కువ ఉంచు, వీపు, పీఠం దగ్గర కోసెయ్. పైకి ఎవడూ ఎక్కి చూడడు. టెక్స్చర్ (మోడల్ మీద చుట్టే బొమ్మ) 8కే వాడుతుంటే 2కే ముక్కలు రెండు మూడు చేసి ఏఎస్‌టీసీ కంప్రెషన్ పెట్టు.

ఇక్కడ ఒక కిటుకుంది, చాలామందికి తట్టదు. ఫోటోల నుంచి వచ్చిన మోడల్‌కి వెలుతురు ముందే టెక్స్చర్‌లో పడి ఉంటుంది, నువ్వు ఫోటో తీసిన రోజు ఎండ, నీడ అన్నీ అందులోనే ఉన్నాయి. దాని మీద మళ్లీ యూనిటీలో సూర్యుణ్ణి పెట్టి రియల్‌టైమ్ నీడ వేస్తే నీడ మీద నీడ, చూడ్డానికి బాగోదు, స్పీడూ పోతుంది. నందికి అన్‌లిట్ షేడర్ పెట్టు. అంతే, లైటింగ్ లెక్కే ఉండదు, రాయి రాయిలా ఉంటుంది. కుదిరితే మబ్బు పట్టిన రోజు మళ్లీ వెళ్లి ఫోటోలు తీసుకోండి, గట్టి నీడలు లేకుండా వస్తాయి. ఫోన్‌తో తీసుకోండి చాలు, ట్రైపాడ్లు, డ్రోన్లు అంటే పురావస్తు శాఖ పర్మిషన్ గొడవ.

రెండో దొంగ స్తంభాలు. డ్రా కాల్ (ఇది గీయి అని సీపీయూ జీపీయూకి ఇచ్చే ఒక్కో ఆర్డరు) అంటే ఏంటో ఇలా అనుకో, టిఫిన్ సెంటర్లో 70 మందికి ఇడ్లీ కావాలంటే ఒక్కడు వెళ్లి 70 ప్లేట్లు చెప్తే ఒక మాటతో అయిపోతుంది, 70 మంది లైన్లో నిలబడి ఒక్కొక్కరు ఒక్కో టోకెన్ తీసుకుంటే కౌంటర్ దగ్గరే గంట పోతుంది, ఇడ్లీ ఉడకడానికి కాదు. మీ స్తంభాలు ఒక్కోదానికి ఒక్కో మెటీరియల్ (పైపొర ఎలా కనపడాలో చెప్పే సెట్టింగు) ఉంటే అన్ని టోకెన్లు. అన్నీ ఒక మెటీరియల్ మీదకి తెచ్చి, రెండు మూడు పెద్ద టెక్స్చర్లలో శిల్పాలన్నీ సర్ది, స్టాటిక్ (కదలనిది) అని టిక్ పెట్టి బ్యాచింగ్‌కి (కలిపి గీయడానికి) వదిలెయ్. సీన్ మొత్తం 200 డ్రా కాల్స్ లోపల ఉంచగలిగితే హాయిగా ఉంటుంది. స్తంభాలు మీరు మోడల్ చేసినవి కాబట్టి వాటికి లైట్ కావాలి, కానీ బేక్ చెయ్యండి (ముందే లెక్కేసి దాచెయ్యడం), గుడిలో సూర్యుడు కదలాల్సిన పనేముంది. అక్లూజన్ కల్లింగ్ (వెనక దాగినవాటిని గీయకుండా వదిలెయ్యడం) పెట్టమని ఎవరైనా చెప్తే టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, అది గదులూ గోడలూ ఉన్న ఇంటికి పనికొస్తుంది, స్తంభాల మండపంలో ఎటు నిలబడ్డా సందుల్లోంచి అన్నీ కనపడుతూనే ఉంటాయి, దాచడానికి ఏముంటుంది.

మూడోది సెట్టింగులు, గబగబా చెప్తా. బ్లూమ్ (వెలుగు చుట్టూ మెరుపు) లాంటి పోస్ట్ ప్రాసెసింగ్ మొత్తం ఆఫ్, హెచ్‌డీఆర్ ఆఫ్. ఎందుకంటే ఈ మొబైల్ చిప్పులు బొమ్మని చిన్న చిన్న గడులుగా చేసుకుని చిప్పు లోపలే గీసేస్తాయి, అందుకే వాటికి అంత స్పీడు. బ్లూమ్‌కి మాత్రం బొమ్మ మొత్తం ఒకేసారి కావాలి కాబట్టి దాన్ని మెమొరీలోకి పంపి మళ్లీ తెప్పించుకోవాలి, అదీ రెండు కళ్లకీ. ఎంఎస్‌ఏఏ 4 మాత్రం ఆన్‌లో ఉంచు, అది లేకపోతే శిల్పాల అంచులు చీమలు పాకినట్టు మెరుస్తాయి. రెండర్ మోడ్ మల్టీవ్యూ, రెండు కళ్లకీ ఒకే టోకెన్ అన్నమాట. ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్లగిన్ వాడుతున్నారో లేదో చూసుకో, రేపు కాలేజీ వేరే హెడ్‌సెట్ కొన్నా పెద్దగా మార్చక్కర్లేదు.

స్కేలు గురించి నువ్వు అడగలేదు, కానీ అడగాల్సింది. ఫోటోల నుంచి వచ్చే మోడల్‌కి తన సైజు ఎంతో తనకి తెలియదు. స్క్రీన్ మీద చూస్తే నీకూ తెలియదు. వీఆర్‌లో మాత్రం రెండు కళ్లూ కొలిచేస్తాయి, నంది పొరపాటున సగం సైజులో ఉంటే పార్కులో సిమెంటు బొమ్మలా కనిపిస్తుంది, ఎందుకు బాలేదో ఎవడూ చెప్పలేడు, బాలేదని మాత్రం చెప్తాడు. యూనిటీలో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. లేపాక్షి నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు అంటారు, అంటే సుమారు నాలుగున్నర మీటర్లు, ఎనిమిదింపావు మీటర్లు. అది సరిచెయ్, ఎక్స్‌ఆర్ ఆరిజిన్‌లో ట్రాకింగ్ ఫ్లోర్ అని పెట్టు, కెమెరా ఎత్తు చేత్తో కలపకు. అప్పుడు నంది ముందు నిలబడి తల పైకెత్తినవాడు ఏం మాట్లాడకుండా ఒక రెండు సెకన్లు ఆగిపోతాడు చూడు, వీఆర్ చేసేదే ఆ రెండు సెకన్ల కోసం.

ఇంకో గుంత, ఇది మన తెలుగోళ్లకే స్పెషల్. బోర్డుల మీద తెలుగు రాస్తారు కదా, యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు ఫాంట్ ఎక్కించినా ఒత్తులు విడిపోతాయి, లేపాక్షిలో ‘క్షి’ అనేదే విరిగి పక్కకి పడుతుంది, గుడి పేరే తప్పుగా కనపడితే ఎగ్జిబిషన్లో పరువు పోతుంది. ఈ ఒక్క విషయంలో అన్రియల్, గోడో (ఇదీ ఒక ఇంజిన్) రెండూ నయం, వాటిలో అక్షరాలు కూర్చే పద్ధతి సరిగ్గా ఉంది. దీనికోసం ఇంజిన్ మార్చక్కర్లేదులే, బోర్డులు బయట తయారుచేసుకుని పీఎన్‌జీ బొమ్మలుగా పెట్టెయ్. లేదా మీలో గొంతు బాగున్న వాళ్లెవరైనా చదివి రికార్డ్ చెయ్యండి, హెడ్‌సెట్‌లో చదవడం కంటే వినడమే సుఖం. బోర్డు పెడితే ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో పెట్టు, మొహానికి అతుక్కుని తలతో పాటు తిరిగేట్టు పెట్టొద్దు.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. గుడి మొత్తం చేయొద్దు తమ్ముడూ. నలుగురు, 5 వారాలు, గుడి మొత్తం అంటే అన్నీ సగం సగం అవుతాయి. నందిని ఒక సీన్, వేలాడే స్తంభం (అడుగు నేలకి పూర్తిగా ఆనకుండా ఉండేది) ఒక సీన్, అంతే. రెండిటి మధ్య ఫేడ్. కప్పు మీద విజయనగరం నాటి బొమ్మలు పెట్టాలని ఆశ ఉంటుంది, నాకూ ఉంటుంది, కానీ అర కేజీ హెడ్‌సెట్ (క్వెస్ట్ 2 కరెక్టుగా 503 గ్రాములు) పెట్టుకుని తల ఎత్తి చూస్తూ ఉంటే మెడ పట్టేస్తుంది, పెడితే కుర్చీలో వెనక్కి వాలి చూసేట్టు వేరే సీన్ చెయ్యాలి, అది వచ్చే ఏడాది జూనియర్స్‌కి వదిలెయ్.

స్తంభం సీన్ మీద మాత్రం ప్రాణం పెట్టండి. లేపాక్షికి వెళ్లినవాళ్లు అందరూ చేసే పని ఒకటుంది కదా, చున్నీనో టవలో తీసి స్తంభం కింద నుంచి ఇటు దూర్చి అటు లాగడం. అది చేయించండి. యూట్యూబ్ వీడియో చూపించలేనిది, ఫోటో చూపించలేనిది అదొక్కటే, చేత్తో చేసే పని. యూనిటీ క్లాత్ సిమ్యులేషన్ జోలికి పోవద్దు, బరువు, పైగా రాయిలోంచి దూరిపోతుంది. ఒక పొడుగాటి పట్టీ చేసి అందులో ఎనిమిది, పది బోన్స్ (పట్టీని వంచే ఎముకల్లాంటివి) పెట్టి, రెండు చివర్లు రెండు చేతులకి ఇవ్వండి, మధ్యవి వాటి వెనక సాగుతూ వస్తే చాలు, గుడ్డలాగే కనపడుతుంది. స్తంభం ఒక మూల మాత్రం నేలకి ఆనుకుని ఉంటుంది కదా, బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు కదిలించబోతే అలా అయిందని గైడ్లు చెప్తుంటారు, గుడ్డ ఆ మూలకి తగిలినప్పుడు కంట్రోలర్‌లో చిన్న వైబ్రేషన్ ఇవ్వండి, హాప్టిక్ ఇంపల్స్ ఒక్క లైను కోడ్. చెయ్యి ఆపడానికి ట్రై చేయొద్దు, నిజం చెయ్యి ఆగదు కాబట్టి బొమ్మ చెయ్యి ఒక్కటే ఆగితే తేడాగా ఉంటుంది, గుడ్డ బిగుసుకోవాలి, ఇంకా లాగితే చేతిలోంచి జారిపోవాలి. ఇది సరిగ్గా రావడానికి రెండు వారాలు పడుతుంది, పట్టనీ.

దీనికి మనిషి నిజంగా కిందకి కూర్చుంటాడు. అందుకని చుట్టూ రెండు మీటర్లు ఖాళీ ఉంచండి, బల్లలు దూరం జరపండి, పక్కన ఒకరు నిలబడండి. మోకాళ్ల నొప్పులున్న హెచ్‌ఓడీ గారు వస్తే ఎలా అంటావా, ఒక బటన్ పెట్టు, నొక్కితే ఫేడ్ అయి స్తంభం అడుగు నడుం ఎత్తుకి వచ్చేట్టు. ఫేడ్ లేకుండా లేపావో మళ్లీ నిమ్మకాయే.

ఎగ్జిబిషన్ రోజు చిన్న చిన్న విషయాలే పరువు తీస్తాయి. క్వెస్ట్ 2లో లెన్సుల మధ్య దూరం మూడు పొజిషన్లు, 58, 63, 68 మిల్లీమీటర్లు, ఒక్కొక్కరికి ఇచ్చేముందు మార్చి అడగండి, మసకగా ఉంటే తలనొప్పి గ్యారంటీ, నింద మీ ప్రాజెక్టు మీద పడుతుంది. కళ్లద్దాల వాళ్లకి స్పేసర్ వస్తుంది డబ్బాలో, పారేశారేమో వెతకండి. బ్యాటరీ రెండు మూడు గంటలే, పవర్ బ్యాంక్ తెచ్చుకోండి. హెడ్‌సెట్‌ని ఎండ పడే కిటికీ దగ్గర లెన్సులు పైకి పెట్టి వదలొద్దు, భూతద్దంలాగా లోపల స్క్రీన్ కాల్చేస్తుంది. లైన్లో నిలబడ్డవాళ్ల కోసం టీవీకి కాస్ట్ చెయ్యండి, కానీ కాస్టింగ్‌కీ చిప్పు మీద లోడ్ ఉంటుంది, దాంతో కలిపి 72 వస్తోందో లేదో ముందే చూసుకోండి.

జాబ్ గురించి. వీఆర్ డెవలపర్ అనే బోర్డుతో ఉద్యోగాలు తక్కువ, ఉన్నవి ఎక్కువగా ఫ్యాక్టరీ ట్రైనింగ్, సేఫ్టీ డ్రిల్, అపార్ట్‌మెంట్ వాక్‌త్రూ లాంటివి, మీకు దగ్గర బెంగళూరే. అదొక్కటే నమ్ముకోమని చెప్పను. కానీ సీ షార్ప్ (యూనిటీలో కోడ్ రాసే భాష) రాయడం వచ్చి, ప్రొఫైలర్ (ఏది ఎంత టైమ్ తింటోందో చూపించే టూల్) చూసి ఇది ఎందుకు స్లో అయిందో చెప్పగలిగినవాడికి మొబైల్ గేమ్స్ వాళ్లు కూడా తలుపు తీస్తారు. రెజ్యూమెలో ‘వీఆర్ ప్రాజెక్ట్’ అని రాయకు, మొదట ఎన్ని ఫ్రేములొచ్చాయి, ఏం చేశాక 72కి వచ్చింది, ఆ నంబర్లు రాయి, అందుకే ఈ రోజు నుంచే ప్రతి మార్పుకి ముందూ తర్వాతా ఎంతొచ్చిందో ఒక నోట్సులో పెట్టుకో.

వచ్చే ఆదివారం నలుగురూ లేపాక్షి వెళ్తారు కదా మబ్బు చూసుకుని, టేపు మర్చిపోవద్దు. స్తంభం చుట్టుకొలత, రెండు స్తంభాల మధ్య దూరం, కింద సందు ఎక్కడ ఎంతుందో ఒక పేపర్ ముక్క దూర్చి చూసి రాసుకోండి, ఏ మూల ఆనుకుని ఉందో బొమ్మ వేసుకోండి. ఆ కాగితం ఫోటో తీసి నాకూ పంపు.